మేహన వక్రత – పైరోనీ వ్యాధి: దశలు, నిర్ధారణ, చికిత్స

నిర్వచనం

స్తంభన సమయంలో మేహనం నిటారుగా ఉండక పైకి, కిందికి లేదా పక్కకు వంగడాన్ని మేహన వక్రత అంటారు. ఇది రెండు రకాలు. పుట్టుకతో ఉండేది జన్మజాత వక్రత. తర్వాత, ఎక్కువగా నడివయసులో, కొత్తగా వచ్చేది ఆర్జిత వక్రత. ఆర్జిత వక్రతకు ప్రధాన కారణం పైరోనీ వ్యాధి. ఈ వ్యాధిలో మేహనం లోపలి తంతుయుత తొడుగుపై మచ్చలాంటి గట్టి ఫలకం ఏర్పడుతుంది. దాన్ని ప్లాక్ అంటారు.

వంపు ఉన్నంత మాత్రాన వ్యాధి ఉన్నట్లు కాదు. ఆరోగ్యవంతులలోనూ చాలామందికి కొద్దిపాటి వంపు సహజంగానే ఉంటుంది. నొప్పి లేకుండా, సంభోగానికి ఆటంకం లేకుండా, ఏళ్ల తరబడి ఒకేలా ఉన్న వంపుకు చికిత్స అవసరం లేదు. ఈ వాక్యాన్ని పరీక్షలకు సిద్ధమవుతున్న అభ్యర్థులు మొదటే గుర్తుపెట్టుకోవాలి. ఈ ఒక్క సంగతి తెలియక మన దగ్గర ఎందరో యువకులు పెళ్లికి ముందు నెలల తరబడి భయంతో నలిగిపోతున్నారు.

పరిభాష విషయంలో ఒక జాగ్రత్త అవసరం. తెలుగు మాధ్యమ జంతుశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో మేహనం, ప్రసేకం, పౌరుష గ్రంథి అనే పదాలు వాడతారు. వాడుకలో, ప్రశ్నపత్రాల అనువాదాల్లో శిశ్నం, పురుషాంగం, ప్రోస్టేట్ గ్రంథి అని కూడా కనిపిస్తాయి. వృక్కం నుంచి మూత్రాశయానికి వచ్చేది మూత్రనాళం. మూత్రాశయం నుంచి బయటికి తెరుచుకునేది ప్రసేకం. ఈ రెంటినీ తారుమారు చేసి మార్కు పోగొట్టుకునే అభ్యర్థులు ఏటా ఉంటారు.

చారిత్రక నేపథ్యం

ఫ్రాన్స్ రాజు 15వ లూయీ ఆస్థాన శస్త్రవైద్యుడు ఫ్రాంస్వా జీగో ద లా పైరోనీ పేరు మీదుగా ఈ వ్యాధికి ఆ పేరు వచ్చింది. ఆయన 1678లో మోంపెల్యే నగరంలో జన్మించి, 1747లో వెర్సాయిలో మరణించారు. 1731లో పారిస్‌లో రాయల్ శస్త్రవైద్య అకాడమీ స్థాపనలో జార్జ్ మారెషాల్‌తో కలిసి పాలుపంచుకున్నారు. 1736లో మారెషాల్ మరణానంతరం ఆయన స్థానంలో రాజు ప్రథమ శస్త్రవైద్యుడయ్యారు.

పరీక్షకు ముఖ్యమైన సంవత్సరం 1743. వీర్యం సహజంగా వెలువడకుండా అడ్డుపడే అవరోధాలపై పైరోనీ రాసిన వ్యాసం ఆ ఏడాది అకాడమీ సంపుటంలో అచ్చయింది. మేహనంలో జపమాల పూసల్లా వరుసగా గట్టిపడిన కణజాలాన్ని ఆయన అందులో వర్ణించారు. చికిత్సగా పిరనీస్ పర్వతాల్లోని బారేజ్ ఊటనీటిని సూచించారు. శస్త్రవైద్యులను క్షురకుల సంఘం నుంచి వేరుచేస్తూ ఫ్రాన్స్‌లో రాజాజ్ఞ వెలువడిందీ 1743లోనే. దాని వెనుక పైరోనీ కృషి ఉంది. ఈ వ్యాధిని మొట్టమొదట గుర్తించింది ఆయనే అనుకోవడం మాత్రం పొరపాటు. 16వ శతాబ్దపు ఇటలీ శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఫాలోపియస్ దీన్ని అంతకు ముందే ప్రస్తావించారు. ఫాలోపియన్ నాళాలకు పేరు వచ్చింది ఆయన వల్లనే.

నిర్మాణం: ట్యూనికా ఆల్బుజీనియా

మేహనంలో మూడు స్తంభాకార భాగాలు ఉంటాయి. పృష్ఠతలంలో పక్కపక్కనే ఉండే రెండు కార్పోరా కేవర్నోసా. వాటి కింద, ఉదరతలంలో ఉండే ఒక కార్పస్ స్పాంజియోసమ్. ప్రసేకం ఈ మూడో భాగం గుండానే పోతుంది. స్తంభన బలం మొదటి రెండింటిది. వాటిని చుట్టి ఉండే దృఢమైన తెల్లని తంతుయుత తొడుగే ట్యూనికా ఆల్బుజీనియా. పైరోనీ వ్యాధి పుట్టేది ఈ తొడుగులో. పైచర్మానికి, ప్రసేకానికి, వృషణాలకు దీనితో సంబంధం లేదు.

ట్యూనికాలో రెండు పొరలు ఉంటాయి. లోపలి పొర తంతువులు వలయాకారంగా, బయటి పొర తంతువులు నిలువుగా అమరి ఉంటాయి. ఇందులో కొల్లాజెన్ బలాన్ని, ఎలాస్టిన్ సాగే గుణాన్ని ఇస్తాయి. మామూలు స్థితిలో సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉండే ఈ తొడుగు స్తంభన సమయంలో సాగి 0.25 నుంచి 0.5 మిల్లీమీటర్ల వరకు పలచబడుతుంది. సాగడం, పలచబడడం, మళ్లీ యథాస్థితికి రావడం దీని పని. మచ్చ కట్టిన చోట ఈ పని ఆగిపోతుంది.

సైకిల్ ట్యూబుకు పంక్చర్ అతుకు వేసి, టైరులో పెట్టకుండా గాలి కొడితే ఏమవుతుందో గమనించినవారికి మిగతాది సులువుగా అర్థమవుతుంది. అతుకు ఉన్న వైపు రబ్బరు సాగదు, ఎదుటి వైపు సాగుతుంది, ట్యూబు అతుకు వైపే వంగుతుంది. మేహనంలోనూ అంతే. ఫలకం ఏ వైపు ఉంటే వంపు ఆ వైపే. పృష్ఠతలంలో ఫలకం ఉంటే మేహనం పైకి వంగుతుంది. ఎక్కువ మందిలో కనిపించేది ఈ పృష్ఠ వక్రతే. ఫలకం చుట్టూరా వ్యాపిస్తే వంపుకు బదులు మేహనం నడుమ నొక్కినట్టు సన్నబడుతుంది. దీన్ని ఇసుక గడియార ఆకృతి అంటారు. ఎదురెదురుగా రెండు ఫలకాలు ఉంటే ఒకదాని లాగుడును మరొకటి సరిచేసి వంపు కనిపించకపోవచ్చు, కాని పొడవు తగ్గుతుంది. అంటే వంపు లేనంత మాత్రాన పైరోనీ వ్యాధి లేదని చెప్పలేం.

ట్యూనికాకు రెండో పని కూడా ఉంది. స్తంభనలో లోపలి రక్త కుహరాలు ఉబ్బి, తొడుగు కింద ఉన్న చిన్న సిరలను తొడుగుకేసి అదుముతాయి. రక్తం వెనక్కి పోకుండా నిలిచేది ఇలాగే. తొడుగు దెబ్బతిన్న చోట ఈ అదుముడు సరిగా జరగక రక్తం జారిపోవచ్చు. పైరోనీ రోగుల్లో కొందరికి స్తంభన లోపం కూడా ఎందుకు ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ట్యూనికాకు పైన బక్స్ ఫేషియా అనే మరో పొర ఉంటుంది. పృష్ఠతలంలో ఈ రెంటి నడుమ నుంచే నాడులు, ధమనులు, సిర కలిసిన కట్ట పోతుంది. శస్త్రచికిత్సలో స్పర్శ పోయే ప్రమాదం ఉందని సర్జన్లు ముందే చెప్పేది ఈ కట్టను దృష్టిలో పెట్టుకునే.

వ్యాధి పుట్టుక

మూలకారణం పూర్తిగా నిర్ధారణ కాలేదు. ఎక్కువ మంది అంగీకరించే వివరణ సూక్ష్మ గాయ సిద్ధాంతం. సంభోగంలో మేహనం పదేపదే అదాటున మడతపడడం వల్ల ట్యూనికా పొరలు కొద్దిగా విడి, సూక్ష్మ రక్తనాళాలు చిట్లుతాయి. అక్కడ ఫైబ్రిన్ పేరుకుంటుంది. ఈ తొడుగులో రక్తప్రసరణ తక్కువ. అందువల్ల పేరుకున్న ఫైబ్రిన్, శోథ కణాలు త్వరగా తొలగిపోవు. ఆ దశలో టీజీఎఫ్ బీటా-1 అనే వృద్ధి కారకం స్థాయి పెరుగుతుంది. దాని ప్రేరణతో ఫైబ్రోబ్లాస్ట్ కణాలు మయోఫైబ్రోబ్లాస్ట్‌లుగా మారి కొల్లాజెన్‌ను అవసరానికి మించి తయారుచేస్తాయి. ఎలాస్టిన్ తంతువులు ముక్కలవుతాయి. మామూలు గాయం మాని ఆగిపోతుంది. ఇక్కడ మానే ప్రక్రియే ఆగకుండా సాగుతుంది.

చాలామంది రోగులకు ఫలానా రోజు దెబ్బ తగిలిందన్న జ్ఞాపకమే ఉండదు. అదే సూక్ష్మ గాయం ఎక్కువ మందికి తగిలినా వ్యాధి కొందరికే వస్తుంది. కనుక వారసత్వ గ్రహణశీలత కూడా ఉందని భావిస్తున్నారు. అరచేతి కణజాలం గట్టిపడి వేళ్లు ముడుచుకుపోయే డుపుయ్‌ట్రెన్ సంకోచం, అరికాలిలో గడ్డలు కట్టే లెడర్‌హోజ్ వ్యాధి పైరోనీ వ్యాధికి సహచరాలు. చేయి, కాలు, మేహనం అని వరుసగా గుర్తుంచుకుంటే జతపరచండి తరహా ప్రశ్నకు సరిపోతుంది. మేహనం పరీక్షించే వైద్యుడు రోగి అరచేతులు కూడా చూసేది ఇందుకే.

ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. లైంగికంగా సంక్రమించే వ్యాధి కాదు, భార్యకు అంటదు. హస్తప్రయోగం చేసినందుకు వచ్చిన శిక్ష అని గోడ ప్రకటనలు చేసే ప్రచారానికి శాస్త్రాధారం లేదు.

వ్యాప్తి, ప్రమాద కారకాలు

జర్మనీలోని కొలోన్ ప్రాంతంలో 8,000 మంది పురుషులకు ప్రశ్నావళి పంపి చేసిన అధ్యయనం 2001లో వెలువడింది. 4,432 మంది జవాబిచ్చారు. వారిలో 3.2 శాతం మందికి వ్యాధి లక్షణాలు ఉన్నాయి. వయసుల వారీగా 30–39 ఏళ్లలో 1.5 శాతం, 40–59 ఏళ్లలో 3 శాతం, 60–69 ఏళ్లలో 4 శాతం, 70 దాటినవారిలో 6.5 శాతం. వయసుతో పాటు రేటు పెరుగుతుందన్నది ఇందులో గ్రహించాల్సిన అంశం. అయితే ముప్ఫైల్లోని వారికీ వస్తుందని అదే పట్టిక చెబుతోంది.

మధుమేహం, పొగతాగడం, అధిక రక్తపోటు, రక్తంలో కొవ్వు అధికం కావడం, స్తంభన లోపం ఈ వ్యాధితో కలిసి కనిపించే అంశాలు. పౌరుష గ్రంథి క్యాన్సర్‌కు ఆ గ్రంథిని పూర్తిగా తొలగించిన తర్వాత కూడా కొందరిలో ఈ వ్యాధి బయటపడుతుంది.

రెండు దశలు

ఈ పాఠంలో ఎక్కువసేపు నిలవాల్సిన చోటు ఇదే. వంపు ఎన్ని డిగ్రీలన్నది తర్వాతి మాట, వ్యాధి ఏ దశలో ఉందన్నది ముందు తేలాలి. ఒక దశకు సరిపోయే చికిత్స మరో దశలో హాని చేయవచ్చు.

మొదటిది తీవ్ర దశ. దీన్ని క్రియాశీల దశ అని కూడా అంటారు. సాధారణంగా 6 నుంచి 18 నెలలు ఉంటుంది. ప్రధాన లక్షణం నొప్పి. స్తంభనలో నొప్పి ఉంటుంది, కొందరికి మామూలు స్థితిలోనూ ఉంటుంది. ఫలకం ఇంకా పూర్తిగా గట్టిపడదు. వంపు కోణం నెలనెలా మారుతూ ఉంటుంది. ఈ దశలో శస్త్రచికిత్స చేయరాదు. కదులుతున్న నేలపై గోడ కట్టినట్టు, సరిచేసిన మేహనం తర్వాత మళ్లీ వంగిపోవచ్చు.

రెండోది స్థిర దశ. నొప్పి తగ్గిపోతుంది, ఫలకం గట్టిపడుతుంది, కొందరిలో కాల్షియం చేరి ఎముకలా తగులుతుంది. వంపు కోణం మారదు. అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాల ప్రకారం లక్షణాలు కనీసం 3 నెలలుగా మారకుండా ఉంటే స్థిర దశగా పరిగణిస్తారు. ఆచరణలో చాలామంది సర్జన్లు వ్యాధి మొదలై సుమారు ఏడాది గడిచి, కొన్ని నెలలుగా వంపు నిలకడగా ఉన్నాకే కత్తి పడతారు.

వైద్యం లేకుండా వదిలేస్తే ఏమవుతుందన్నదానికి 2006లో వెలువడిన ఒక అధ్యయనం ప్రామాణికం. చికిత్స తీసుకోని 246 మందిని పరిశీలించగా, వంపు తగ్గినవారు 12 శాతం, మార్పు లేనివారు 40 శాతం, పెరిగినవారు 48 శాతం. నొప్పి ఉన్నవారిలో 89 శాతం మందికి మాత్రం నొప్పి తగ్గింది. నొప్పి తనంతట తాను పోతుంది, వంపు చాలా అరుదుగానే పోతుంది. ఈ తేడాను పట్టుకుంటే నాటు మందుల ప్రతిష్ఠ రహస్యం కూడా తెలుస్తుంది. తీవ్ర దశలో ఏ చూర్ణం ఇచ్చినా కొన్ని నెలలకు నొప్పి తగ్గుతుంది, రోగి మందు పనిచేసిందనుకుంటాడు. తగ్గించింది కాలం.

జన్మజాత వక్రత

ఇందులో ఫలకం ఉండదు, నొప్పి ఉండదు. కార్పోరా కేవర్నోసా ఒక వైపు ఎక్కువగా, మరో వైపు తక్కువగా ఎదగడం కారణం. పుట్టుకతో ఉన్నా యౌవనారంభంలో స్తంభనలు మొదలయ్యాక గానీ గమనానికి రాదు. వంపు ఎక్కువగా ఉదర దిశలో, అంటే కిందికి ఉంటుంది. కాలంతో పెరగదు, తగ్గదు. మందులు, ఇంజెక్షన్లు పనికిరావు. సంభోగానికి అడ్డువస్తే శస్త్రచికిత్స ఒక్కటే మార్గం, ఫలితాలు బాగుంటాయి.

ప్రసేక ద్వారం మేహనం కొనలో కాక కింది వైపు తెరుచుకుని ఉండే జన్మలోపం హైపోస్పేడియాస్. ఆ శిశువుల్లో చాలామందికి కిందికి లాగే కార్డీ అనే వంపు కూడా ఉంటుంది. శస్త్రచికిత్స సాధారణంగా 6 నుంచి 18 నెలల వయసులో చేస్తారు. ఈ లోపం ఉన్న శిశువుకు ముందుగా సున్తీ చేయించకూడదు. ప్రసేకాన్ని సరిచేయడానికి ఆ పూర్వచర్మమే కావాల్సి రావచ్చు. నర్సింగ్ అభ్యర్థులకు ఇది తప్పనిసరి అంశం.

నిర్ధారణ

నిర్ధారణలో అధిక భాగం రోగి చెప్పే మాటల్లో, వైద్యుడి వేళ్ల స్పర్శలో జరిగిపోతుంది. ఎప్పుడు మొదలైంది, నొప్పి ఉందా, వంపు ఇంకా మారుతోందా, స్తంభన గట్టిగా ఉంటోందా, సంభోగం సాధ్యమవుతోందా అని అడగాలి. చివరి రెండు ప్రశ్నలకు రోగి వెంటనే జవాబివ్వడు. గదిలో మరొకరు ఉంటే అసలే ఇవ్వడు. తోడు వచ్చినవారిని కాసేపు బయట కూర్చోబెట్టడం ఇక్కడ వైద్యంలో భాగం.

మేహనాన్ని కొద్దిగా సాగదీసి తడిమితే ఫలకం తగులుతుంది. స్తంభన స్థితిలో పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి రోగి ఇంట్లో స్వయంగా తీసుకున్న ఫొటోలు వంపును చూపడానికి ఉపయోగపడతాయి. కచ్చితమైన కొలతకు ఆసుపత్రిలో మేహనంలోకి ఆల్‌ప్రోస్టాడిల్ లేదా పాపావెరిన్ వంటి మందు ఇంజెక్ట్ చేసి, స్తంభన కలిగించి, గోనియోమీటర్‌తో కోణం కొలుస్తారు. ఇంజెక్షన్ చికిత్స లేదా శస్త్రచికిత్సకు ముందు ఈ పరీక్ష తప్పక చేయాలని 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. దానితో పాటు డాప్లర్ అల్ట్రాసౌండ్ చేస్తే రక్తప్రసరణ, ఫలకంలో కాల్షియం రెండూ తెలుస్తాయి. పరీక్ష కోసం కలిగించిన స్తంభన 4 గంటలు దాటినా తగ్గకపోతే అది ప్రయాపిజం అనే అత్యవసర స్థితి, వెంటనే ఆసుపత్రికి తిరిగి రావాలని రోగికి ముందే చెప్పి పంపాలి.

కోణాన్నిబట్టి 30 డిగ్రీల లోపు స్వల్పం, 30 నుంచి 60 వరకు మధ్యమం, 60 దాటితే అధికం. ఈ వ్యాధిని పట్టిచ్చే రక్తపరీక్ష ఏదీ లేదు. ఎంఆర్ఐ మామూలుగా అవసరం లేదు.

సంభోగ సమయంలో టప్‌మన్న శబ్దం, తక్షణమే స్తంభన పోవడం, వాపు, నల్లగా కమలడం వేరే విషయం. అది ట్యూనికా చిరిగిన మేహన భంగం. ఎముక లేకపోయినా వైద్యంలో దాన్ని ఫ్రాక్చర్ అనే అంటారు. ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేసి కుట్టాలి. సిగ్గుతో రెండు రోజులు ఆగితే ఆ గాయం మానిన మచ్చే తర్వాత వంపుకు కారణం కావచ్చు.

చికిత్స: మందులు

నోటి ద్వారా ఇచ్చే ఏ మందూ వంపును తగ్గిస్తుందని నిరూపణ కాలేదు. విటమిన్-ఇని ఈ వ్యాధికి 1940ల నుంచి వాడుతున్నారు. చవక, హాని తక్కువ కావడంతో ఇప్పటికీ చీటీల్లో కనిపిస్తుంది. 2015 మార్గదర్శకాలు మాత్రం విటమిన్-ఇ, టామాక్సిఫెన్, ప్రోకార్బజైన్, ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు, విటమిన్-ఇతో ఎల్-కార్నిటిన్ మిశ్రమం ఇవ్వరాదని స్పష్టంగా పేర్కొన్నాయి. తీవ్ర దశలో నొప్పికి స్టెరాయిడ్ కాని శోథ నివారణ మందులు ఇవ్వవచ్చు. స్తంభన లోపం కూడా ఉంటే దానికి విడిగా మందు ఇస్తారు.

షాక్‌వేవ్ చికిత్స నొప్పికి మాత్రమే, వంపుకు కాదు. రేడియేషన్ ఇవ్వరాదు. ఈ రెండూ బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తప్పు ఐచ్ఛికాలుగా వచ్చే అవకాశం ఎక్కువ.

చికిత్స: ఫలకంలోకి ఇంజెక్షన్

క్లాస్ట్రీడియం హిస్టోలైటికమ్ బాక్టీరియా నుంచి తీసిన కొల్లాజినేజ్ ఎంజైమ్‌ను పైరోనీ వ్యాధికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2013 డిసెంబరులో ఆమోదించింది. డుపుయ్‌ట్రెన్ సంకోచానికి 2010లోనే అనుమతి లభించింది. చేయికి ముందు, మేహనానికి తర్వాత అని క్రమం గుర్తుంచుకోవాలి. దీని వాణిజ్య నామం జియాఫ్లెక్స్. ఫలకంలోని 1వ, 3వ రకం కొల్లాజెన్‌ను ఇది కరిగిస్తుంది. రక్తనాళాల, నాడుల ఆధారపటలంలో ఉండే 4వ రకం కొల్లాజెన్‌ను పెద్దగా తాకదు. మందు ప్రత్యేకత ఇందులోనే ఉంది.

అర్హతకు వ్యాధి స్థిర దశలో ఉండాలి, వంపు 30 డిగ్రీలకు మించి 90 డిగ్రీల లోపు ఉండాలి, స్తంభన సామర్థ్యం చెడకుండా ఉండాలి. మోతాదు ఒక్కసారికి 0.58 మిల్లీగ్రాములు. ఒక విడతలో 1 నుంచి 3 రోజుల తేడాతో రెండు ఇంజెక్షన్లు, సుమారు 6 వారాల విరామంతో గరిష్ఠంగా నాలుగు విడతలు, మొత్తం 8 ఇంజెక్షన్లు. వీటి నడుమ మేహనాన్ని వ్యతిరేక దిశలో మెల్లగా సాగదీసి వంచే మోడలింగ్ చేస్తారు.

ఇంప్రెస్-1, ఇంప్రెస్-2 అనే పరీక్షల్లో 832 మంది పాల్గొన్నారు. మందు తీసుకున్నవారిలో వంపు సగటున 34 శాతం, అంటే 17 డిగ్రీలు తగ్గింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 18.2 శాతం, అంటే 9.3 డిగ్రీలు తగ్గింది. ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. 60 డిగ్రీల వంపు సగటున నలభైలకు దిగుతుందే తప్ప సున్నా కాదు. రోగికి చికిత్సకు ముందే ఈ మాట చెప్పకపోవడం అన్యాయం. ఇంజెక్షన్ తర్వాత ట్యూనికా చిరిగి మేహన భంగం జరిగే అరుదైన ప్రమాదం ఉంది. మందు పెట్టెపై తీవ్ర హెచ్చరిక ఉండేది దాని గురించే. వైద్యుడు చెప్పిన వారాల పాటు సంభోగానికి దూరంగా ఉండాలి.

వెరాపమిల్, ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా-2బి కూడా ఫలకంలోకి ఇస్తారు. వెరాపమిల్ నిజానికి రక్తపోటు మందు, కాల్షియం చానల్ నిరోధకం. దీన్ని ఈ వ్యాధిలో ఇంజెక్షన్‌గా వాడిన తొలి నివేదిక 1994లో వచ్చింది. చవకైనా ఆధారాలు బలహీనం. ఇంటర్‌ఫెరాన్‌తో ఇంజెక్షన్ తర్వాత ఫ్లూ వంటి జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు.

సాగదీసే పరికరాలు

మేహనాన్ని నెమ్మదిగా లాగి ఉంచే ట్రాక్షన్ పరికరాలు పొడవు తగ్గకుండా, వంపు కొంత తగ్గేలా సాయపడతాయి. పాత నమూనాలను రోజుకు కొన్ని గంటలు పెట్టుకోవాలి, కొత్తవాటికి అరగంట నుంచి గంటన్నర చాలు. నెలల తరబడి ఓపిక కావాలి. తీవ్ర దశలోనూ వాడగల కొద్ది మార్గాల్లో ఇదొకటి.

శస్త్రచికిత్స

స్థిర దశలో, సంభోగం కష్టమయ్యేంత వంపు ఉంటే శస్త్రచికిత్స అత్యంత కచ్చితమైన ఫలితమిస్తుంది. మూడు రకాలుంటాయి. ఏ రకమన్నది రెండు ప్రశ్నలు తేలుస్తాయి. స్తంభన సరిగా ఉందా? వంపు 60 డిగ్రీలు దాటిందా?

స్తంభన బాగుండి, వంపు 60 డిగ్రీల లోపు ఉండి, ఇసుక గడియార ఆకృతి లేకపోతే ప్లికేషన్ చేస్తారు. ఫలకం జోలికి పోరు. దానికి ఎదుటి వైపు, అంటే పొడవుగా ఉన్న వైపు ట్యూనికాను కుట్లతో బిగించి రెండు వైపులా సమానం చేస్తారు. దీనికి మూలం అమెరికా యూరాలజిస్టు రీడ్ నెస్బిట్ 1965లో జన్మజాత వక్రతకు ప్రకటించిన పద్ధతి. ఆయన కుట్టడానికి ముందు ట్యూనికాలో చిన్న అండాకార ముక్కలు కోసి తీసేవారు. 1979లో దాన్ని పైరోనీ వ్యాధికి అన్వయించారు. ముక్కలు తీయకుండా కుట్లు మాత్రమే వేసే రూపాలు తర్వాత వచ్చాయి. ప్లికేషన్‌తో స్తంభన చెడే అవకాశం తక్కువ. పొడవు వైపును చిన్న వైపుకు సరిపెట్టడం వల్ల మేహనం కొంత పొట్టిదవుతుంది. రోగుల అసంతృప్తి ఎక్కువగా ఈ విషయంలోనే కనుక అంగీకార పత్రంలో ఈ వాక్యం తప్పనిసరిగా ఉండాలి.

స్తంభన బాగుండి, వంపు 60 డిగ్రీలు దాటినా, లేదా మేహనం నడుమ సన్నబడినా ఫలకాన్ని కోసి లేదా కొంత తొలగించి, ఆ ఖాళీని అతుకుతో నింపుతారు. కాలి సెఫీనస్ సిర, నోటి లోపలి బుగ్గ పొర, శుద్ధిచేసిన పశు హృదయావరణం వంటివి అతుకుగా వాడతారు. పొడవు ఎక్కువగా కాపాడుకోవచ్చు. మూల్యం మరోచోట చెల్లించాలి. ట్యూనికాను తెరవడం వల్ల ఆపరేషన్ తర్వాత స్తంభన లోపం, స్పర్శ తగ్గడం వంటి ప్రమాదాలు ప్లికేషన్ కంటే ఎక్కువ.

స్తంభన లోపం ఉండి అది మందులకు లొంగకపోతే మేహనంలో కృత్రిమ సాధనం అమర్చడమే దారి. దీన్ని ఇంప్లాంట్ అంటారు. గాలి బుడగలా ద్రవంతో ఉబ్బేది ఒక రకం, చేత్తో వంచగలిగే అర్ధదృఢ కడ్డీ మరో రకం. ఉబ్బే రకం 1973లో వచ్చింది. అమర్చాక వంపు మిగిలితే సర్జన్ అక్కడికక్కడే వ్యతిరేక దిశలో వంచి సరిచేసే మోడలింగ్ పద్ధతిని 1994లో ప్రచురించారు. ఉబ్బే రకం ధర మధ్యతరగతికి అందనిది. ముంబయికి చెందిన ఆండ్రాలజిస్టు రూపిన్ షా రూపొందించిన అర్ధదృఢ సాధనం షా ప్రోస్థెసిస్ పేరుతో మన దేశంలో తక్కువ ధరకు దొరుకుతుంది. భారతీయ ఆవిష్కరణ కనుక ప్రశ్నగా అడగదగినది.

ఎవరిని కలవాలి

మన ఊళ్లలో ఈ బాధతో మగవాడు ముందు వెళ్లేది మెడికల్ షాపుకు, తర్వాత చర్మ, సుఖ వ్యాధుల వైద్యుడి దగ్గరికి. ఇది మూత్రాంగ శస్త్రవైద్య విభాగం, అంటే యూరాలజీ పరిధిలోని వ్యాధి. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో, విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, తిరుపతి స్విమ్స్‌లో ఈ విభాగాలున్నాయి. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు కౌంటరులో సమస్య వివరించనక్కర్లేదు, యూరాలజీ అంటే చాలు.

మానసిక పార్శ్వం

2008లో వెలువడిన ఒక అధ్యయనంలో పైరోనీ రోగుల్లో 48 శాతం మందికి వైద్యపరంగా పట్టించుకోదగ్గ కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. దాదాపు ఇద్దరిలో ఒకరు. అంగం వంగిందని ఎవరికీ చెప్పుకోలేక భార్యకు దూరంగా జరగడం, ఆమె దానికి వేరే అర్థం తీసుకోవడం, మాటలు ఆగిపోవడం వైద్యులు తరచుగా వినే క్రమం. దంపతులిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడడం, అవసరమైతే మానసిక వైద్యుడి సాయం తీసుకోవడం చికిత్సలో లెక్కించాల్సినవే. డిగ్రీల్లో కొలిచే వంపు 20 దగ్గరే ఉన్నా, మనిషి పడే వేదనకు ఆ కొలత వర్తించదు.

చట్టపరమైన అంశాలు

బస్టాండ్ల గోడల మీద, లాడ్జి గదుల విలాసాలతో కనిపించే ప్రకటనలకు వర్తించే చట్టం ఔషధాలు, మాయా చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం, 1954. లైంగిక సుఖ సామర్థ్యాన్ని నిలుపుతామని, పెంచుతామని ఔషధ ప్రకటనలు ఇవ్వడాన్ని సెక్షన్ 3 నిషేధిస్తుంది. సెక్షన్ 7 ప్రకారం మొదటిసారి నేరం రుజువైతే 6 నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ, మళ్లీ చేస్తే ఏడాది వరకు జైలు.

ఔషధ నియమాలు, 1945లోని 106వ నియమం ప్రకారం షెడ్యూల్-జెలో పేర్కొన్న వ్యాధులను నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోరాదు. లైంగికాంగం పరిమాణాన్ని, ఆకృతిని మెరుగుపరచడం ఆ షెడ్యూల్‌లోని అంశాల్లో ఒకటి. కనుక వంపు సరిచేసే తైలమని సీసాపై ముద్రిస్తే, లోపల ఏమున్నా సరే, ఆ ముద్రణ ఈ నియమానికి విరుద్ధం.